తాటి మీది కూత

సాకేత్ రావు సార్‌కు ఆదివారం అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. నేను ఊరికి వచ్చి ఇంకా టీ కూడా తాగలేదు, ఫోన్ మోగింది.

“అనూషా, గా దొంగనడకల వీడియో పొద్దుగూకేసరికి గ్రూపుల పడాలె. పోయినసారి లెక్క గోడ ముందల నిలవడి చదువకు. జర యాక్షన్ ఉండాలె. వెనక పచ్చగ ఏమన్న కనవడాలె,” అన్నాడు.

సిరిసిల్లలో ఆయన నడిపే స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో నేను టీచర్ని. ఎదురుగా కూర్చుని నేర్చుకునేవాళ్లకంటే వాట్సాప్ గ్రూపులో నేర్చుకునేవాళ్లే మాకు ఎక్కువ. జగిత్యాలలో నర్సింగ్ చదివే అమ్మాయిలున్నారు. దుబాయ్ వీసా కోసం ఎదురుచూస్తున్న కోరుట్ల పిల్లలున్నారు. పగలంతా మరమగ్గాల సాంచెల మోతలో నిలబడి, ఇంటికి వచ్చాక అవే చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకునే సిరిసిల్ల వాళ్లున్నారు. వీళ్లందరికీ ఆ వారం పాఠం ఏమిటంటే, ఎవరి కంటా పడకుండా కదలడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు.

ఎన్ని మాటలో! స్నీక్ ఇన్ అంటే ఎవరూ చూడకుండా లోపలికి దూరడం. స్లిప్ అవుట్ అంటే మీటింగులో ఉపన్యాసం మొదలవగానే ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి జారుకోవడం. క్రీప్ అప్ ఆన్ అంటే ఒకరి వెనక నుంచి, వాళ్లకు అలికిడి తెలియకుండా, అడుగులో అడుగేసుకుంటూ మీదికి రావడం. స్లింక్ ఆఫ్ అంటే తిట్లు తిన్న కుక్కలా తోక ముడుచుకుని అవతలికి పోవడం. తిన్నగా నడిచే మనిషికి ఒక్క మాట చాలు, నక్కి నడిచేవాడికి మాత్రం ఇన్ని కావాలి. నాకు ఈ పాఠం ఇష్టమే. చేసి చూపిస్తే పిల్లలు నవ్వుతారు, నవ్వితే మర్చిపోరు. ఆ సాయంత్రం దాకా ఇది నవ్వించే పాఠమనే అనుకున్నాను.

మా ఊరు కోనరావుపేటకు దగ్గర. ఊరి వెనక గుట్టలు, గుట్టల కింద మొక్కజొన్న వేసిన మక్కచేన్లు, వాటిని ఆనుకుని మా బాపు కల్లు గీసే తాటివనం. బాపు పేరు మొగిలయ్య. చెట్టు ఎక్కే ముందు కింద నిలబడి ఒక కూత పెడతాడు, పైకి చేరాక ఇంకొకటి పెడతాడు. ‘ఓ... హోయ్’ అని, చివర కొంచెం సాగదీసి. తాటిచెట్టు మీది నుంచి చూస్తే ఊళ్లో ఎవరి పెరడూ దాగదు. వెనకట తడకల చాటున స్నానం చేసే ఆడవాళ్లు, పొదల చాటుకు వెళ్లిన ఆడవాళ్లు, ఆ కూత వినగానే ఉన్నచోటే కిందికి కూర్చుని కొంగు కప్పుకునేవాళ్లు. కూత పెట్టకుండా చెట్టెక్కినవాడికి మా ఊళ్లో మర్యాద ఉండేది కాదు. ఇప్పుడు ఇంటింటికీ బాత్రూములు వచ్చాయి. అయినా బాపు కూత మానలేదు, మా అమ్మ రాజవ్వ కూర్చోవడం మానలేదు. పొయ్యి దగ్గరున్నా, బర్రె దగ్గరున్నా, నిండుగా చీర కట్టుకుని నలుగురిలో నిలబడి ఉన్నా సరే, కూత చెవిన పడిందంటే ఠక్కున కూర్చుంటుంది.

“ఎవలు జూస్తున్నరమ్మా నిన్ను? ఎందుకు కూసుంటవు?” అని నేను వెక్కిరించేదాన్ని.

“ఏమో బిడ్డా, కాళ్లు గట్లనే వంగుతయి,” అని తనే నవ్వేది. ఆమె తండ్రి కూడా తాటిచెట్లు గీసినవాడే. నడక నేర్చిన నాటి నుంచి ఉన్న అలవాటు, నా వెక్కిరింతకు ఎందుకు పోతుంది?

ఎండ తగ్గాక ముగ్గురం వనానికి పోయాం. ఆ వారమే కనకవ్వ మేకపిల్ల ఒకటి కనబడకుండా పోయింది. తోడేలు పని అన్నారు కొందరు, తోడికోడలు పని అన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట మీదే ఊరంతా ఎక్కువసేపు మాట్లాడుకుంది. గుట్ట వైపు ఎవరూ చూడలేదు.

బాపు చొక్కా విప్పి, ఫోన్ దాని జేబులోనే ఉంచి, చెట్టు పక్కన తుమ్మకొమ్మకు తగిలించాడు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు వేసుకుని, కూత పెట్టి ఎక్కడం మొదలుపెట్టాడు. అమ్మ అప్పటికే కొడవలి తీసుకుని మక్కచేను అవతల కాలువ ఒడ్డుకు వెళ్లింది, బర్రెకు పచ్చగడ్డి కోయడానికి. చేను మనిషి కంటే ఎత్తు పెరిగి ఉంది. ఇవతల నేను, అవతల అమ్మ, మధ్యలో మక్క. ఒకరికొకరం కనబడం. పైనున్న బాపుకు మాత్రం ఇద్దరం కనిపిస్తాం.

నేను కొంచెం దూరంగా స్టాండుకు ఫోన్ బిగించి, చేను వైపు వీపు పెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. క్రీప్ అప్ ఆన్ దగ్గరికి వచ్చేసరికి ఊపు వచ్చింది. వంగి, చేతులు ముందుకు చాపి, కళ్లు పెద్దవి చేసి, ఒక్కో అడుగూ మెత్తగా వేస్తూ ఫోన్ మీదికి వెళ్లాను. “చూడండి, పాపం ఆమెకు తెలియదు. వెనక నుంచి ఎవరో వస్తున్నారని ఆమెకు తెలియదు,” అన్నాను. ఆ మాట అంటూ నేను పళ్లికిలించడం వీడియోలో ఇప్పటికీ ఉంది.

పాఠం అయిపోయాక ఒక చెట్టు మొదట్లో కూర్చుని వీడియో చూసుకున్నాను. జుట్టు చెదిరిందా, గొంతు సరిగ్గా పడిందా, అదే నా ధ్యాస. ఫోన్లో నేను వంగి అడుగు వేశాను. నా వెనక చేను అంచున ఏదో కదిలింది. మా పక్కింటి జలపతి వాళ్ల కుక్క అనుకున్నాను. అది చెప్పులు ఎత్తుకుపోవడానికి ఎప్పుడూ వనంలో తిరుగుతుంటుంది. వీడియోను వెనక్కి జరిపి మళ్లీ చూశాను.

కుక్కకు అంత తోక ఉండదు. కుక్క పొట్ట నేలకు ఆనించి నడవదు. వేళ్లతో బొమ్మను పెద్దది చేశాను. ఎండుటాకు రంగు వీపు, వీపు నిండా మచ్చలు. భుజాల ఎముకలు ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి. ఒక కాలు ముందుకు పెట్టి, అది నేలకు ఆనిందని నమ్మకం కుదిరాక రెండోది కదుపుతోంది. నేను పిల్లలకు చేసి చూపిస్తున్నదంతా అది నా వెనకే చేస్తోంది, నా వేషాలేవీ లేకుండా, ఏ తొందరా లేకుండా. చిరుత.

వెనక్కి చూడాలంటే మెడ తిరగలేదు. బలవంతాన తిప్పి చూశాను. చేను అంచు ఖాళీగా ఉంది. అది కనబడి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

వీడియో ఇంకోసారి చూశాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. అది నా వైపు చూడనే లేదు. దాని తల కాలువ ఒడ్డు వైపు ఉంది. అటే చూస్తూ, ఒక్కసారి కూడా తల తిప్పకుండా, మక్కల్లోకి దూరిపోయింది. అవతల అమ్మ ఒక్కతే వంగి గడ్డి కోస్తోంది.

పోయిన ఏడు పక్క ఊళ్లో చిరుత తిరుగుతోందని అటవీ శాఖ ఆయన వచ్చి, బడి దగ్గర అందరినీ పోగేసి మైకులో చెప్పాడు. చిరుత ఎదురైతే పరుగెత్తొద్దు. వంగొద్దు, కూర్చోవద్దు. కూర్చున్న మనిషి దాని కంటికి మేకలాగే ఉంటాడు. నిటారుగా నిలబడి, చేతులెత్తి, గట్టిగా చప్పుడు చేయాలి. మేమంతా విన్నాం, జోకులు వేసుకుంటూ ఇళ్లకు పోయాం. ఆ రోజు బర్రె ఈనుతోందని అమ్మ రాలేదు. వచ్చాక మేమెవరమూ ఆమెకు చెప్పలేదు.

అమ్మ ఫోన్ ఇంట్లో చార్జింగులో ఉంది. ఇక్కడి నుంచి పిలిస్తే వినబడదు, కాలువ దగ్గర మోటరు నడుస్తోంది. నేను బాపు ఎక్కిన చెట్టు దగ్గరికి పోయి తలెత్తాను. పైన ఆకుల మధ్య బాపు పాదాలు, మోకు, కత్తి గీస్తున్న చప్పుడు.

“బాపూ!”

“ఏందే?”

“అమ్మ కనవడుతుందా?”

“గక్కన్నే ఉన్నది. గడ్డి కోస్తున్నది. ఎందుకు?”

“చిరుత వచ్చింది బాపూ. మక్కచేన్ల వడ్డది. అమ్మ దిక్కే పోయింది.”

గాలికి ఆకులు గలగలమన్నాయి. “ఏం వచ్చింది?” అన్నాడు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. కత్తి చప్పుడు ఆగిపోయింది. బాపు ఒక చేత్తో ఆకు పక్కకు నెట్టి అవతలికి చూశాడు. నాకు చిరుత కనిపించదు, అమ్మ కనిపించదు. బాపు ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఆ ముఖం చూస్తుండగానే మారిపోయింది. నలభై ఏళ్లుగా చెట్లెక్కుతున్న మనిషి, ఎంత గాలికైనా జంకని మనిషి, రెండు చేతులతో చెట్టును కరుచుకున్నాడు.

“ఉన్నది,” అన్నాడు చిన్నగా. “మక్కల పొంటి ఉన్నది. దగ్గరికి పోతున్నది.”

తర్వాత ఊపిరి నిండా పీల్చుకుని అరిచాడు. అరవాల్సింది రాజవ్వా అని. అరవాల్సింది చిరుత అని. ఆయన నోట్లో నుంచి వచ్చింది మాత్రం రోజూ వచ్చేదే.

“ఓ... హోయ్!”

చెట్టు మీద ఉండగా గట్టిగా అరవడమంటే ఆ గొంతుకు తెలిసింది అదొక్కటే. మోటరు మోతను దాటి, మక్కలను దాటి, ఆ కూత కాలువ ఒడ్డు మీదికి పోయింది. కింద నిలబడిన నాకే మోకాళ్లు కొంచెం వంగాయి. అమ్మ సంగతి చెప్పాలా?

“కూసున్నది,” అన్నాడు బాపు. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. “అయ్యో, కూసున్నది బిడ్డా. కొంగు కప్పుకున్నది.”

అప్పుడు వచ్చాయి ఆయనకు మాటలు. “చిరుత! రాజవ్వా, చిరుత! లేవే! నిలవడు!” అని గొంతు చిరిగిపోయేలా అరిచాడు. అరుస్తూనే ఉన్నాడు. “లేస్తలేదు. ఇటే జూస్తున్నది, లేస్తలేదు. అది కూడ ఆగింది. నేలకు వండుకున్నది.”

నేలకు పడుకోవడం అంటే ఏమిటో పిల్లిని చూసిన వాళ్లందరికీ తెలుసు. దూకే ముందు పడుకుంటుంది.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ఊరి వైపు పరుగెత్తాలనిపించింది. కాళ్లు అటే తిరిగాయి కూడా. మనుషులను పిలుచుకురావడానికి అని నాకు నేను చెప్పుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఊరు దూరం, అమ్మ దగ్గర. కింద పడి ఉన్న ఖాళీ కల్లు డబ్బా ఒక చేతిలోకి, ఎండు కర్ర ఒకటి ఇంకో చేతిలోకి తీసుకున్నాను.

“ఒడ్డు మీదికెళ్లి పో బిడ్డా! చేన్లకెళ్లి పోకు!” పై నుంచి బాపు అరిచాడు. “ఉరకకు! నీకు దండం వెడుత, ఉరకకు!”

మా బాపు నాకు దండం పెడతాననడం అదే మొదలు. నేను చేను పక్క ఒడ్డు మీద నడిచాను. పరుగెత్తకుండా నడవడం అంత కష్టమని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. పక్కనే మక్కలు గాలికి గరగరలాడుతుంటే ప్రతి ఆకు వెనకా మచ్చలే కనిపించాయి. డబ్బా మీద కర్రతో దబదబ కొట్టాను. అమ్మా అని పిలుద్దామని నోరు తెరిచాను. “క్రీప్ అప్! స్నీక్ ఇన్! స్లిప్ అవుట్!” అని వచ్చింది. అప్పటిదాకా గొంతు ఆ మాటలనే నమిలి ఉంది, అవే కక్కింది. బాపుకు కూత వచ్చినట్టే నాకు పాఠం వచ్చింది. ఏదో ఒకటి, చప్పుడైతే చాలనుకుని అవే అరుస్తూ పోయాను. జగిత్యాల నర్సులు విని ఉంటే నా మీద గౌరవం పోయేది.

ఒడ్డు మలుపు తిరిగేసరికి అమ్మ కనిపించింది. కోసిన గడ్డి మోపు పక్కన గొంతుక్కూర్చుని, తల మీద కొంగుతో, నేను చూసినంత వరకు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది. ముఖం తాటిచెట్టు వైపు ఉంది. చిరుత ఆమె వీపు వెనక ఉంది. ఇద్దరికీ మధ్య మా ఇంటి వాకిలంత దూరం కూడా లేదు. చెవులు వెనక్కి అతికించుకుని, పొట్ట నేలకు నొక్కిపెట్టి, తోక కొస ఒక్కటే ఇటూ అటూ కదుపుతోంది. నా డబ్బా మోతకు ఒకసారి కళ్లు నా వైపు తిప్పింది. తల తిప్పలేదు. మళ్లీ అమ్మ వైపే చూసింది.

నా జన్మలో అంత భయం నేను ఎరగను. అయినా నడిచాను, ఆగితే ఇక కదలలేనని తెలుసు. అమ్మ దగ్గరికి చేరి, డబ్బా వదిలేసి, చంకల కింద చేతులు పెట్టాను.

“లే అమ్మా. లే.”

“కాళ్లు లేస్తలెవ్వు బిడ్డా,” అంది. కళ్లు తాటిచెట్టు మీదే ఉన్నాయి. “గది చెట్టు కాడున్నదా? మీ బాపు దిగుతున్నడా ఏంది? దిగద్దని చెప్పు. పైన్నే ఉండుమను.”

అప్పుడు అర్థమైంది నాకు. చిరుత అని బాపు అరిచింది ఆమె విన్నది. కానీ అది ఆయన దగ్గరే ఉందనుకుంది. కూత పెట్టినవాడి మొత్తుకోలు ఆయన కోసమే అనుకుంది. తన వీపు వెనక ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

“నీ వెనకున్నది,” అన్నాను. చెప్పకూడదేమో అని ఆలోచించే తీరిక లేదు. “మెల్లగ లే. నన్ను వట్టుకో.”

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మామూలు రోజుల్లోనే నేల మీద నుంచి లేవాలంటే గోడ కావాలి. నేనే గోడనయ్యాను. బరువంతా నా మీద వేసి, పళ్లు బిగించి, ఇంత ఇంతగా లేచింది. లేచి నిలబడి వెనక్కి తిరిగింది, చూసింది. చూసిన వెంటనే నన్ను మోచేత్తో వెనక్కి నెట్టి తాను ముందుకు వచ్చింది. కొడవలి పైకెత్తింది.

“పో!” అంది. “పో అవుతల! నా బిడ్డె ఉన్నదిక్కడ! పో!”

బర్రెను అదిలించే గొంతే అది, కాకపోతే మూడింతలు. నేను కర్ర ఊపుతూ అరిచాను. పై నుంచి బాపు అరుస్తున్నాడు. చిరుత మమ్మల్ని చూసింది. ఇప్పుడు దాని ముందున్నది మేకలా ముడుచుకున్న ఆకారం కాదు, నిలబడి అరుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. పొట్ట నేల మీది నుంచి లేపింది. దానికి మా మీద కోపం లేదు, భయమూ లేదు. తోక ముడుచుకుని పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఈ పూటకు పని కాలేదన్నట్టు, కాలువ గట్టు వెంట, తన దారిన తాను నడుచుకుంటూ గుట్ట వైపు పోయింది. ఒకసారి ఆగి వెనక్కి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

“పోతున్నది!” బాపు గొంతు బొంగురుపోయింది. “గుట్టకు వడ్డది! పోయింది!”

ఆ తర్వాత ఆయన గొంతు వినబడలేదు. చెట్టు వైపు నుంచి బరబరమని పెద్ద చప్పుడైంది. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మేము చెట్టు వైపు కదిలేలోపే బాపు మక్కలను చీల్చుకుంటూ వచ్చాడు. ఒక్కో పట్టూ మార్చుకుంటూ దిగే ఓపిక లేక చెట్టును వాటేసుకుని జారాడు. ఛాతీ, చేతులు, తొడలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. వచ్చి అమ్మ రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు.

“ఎందుకు కూసున్నవే? చిరుత అంటుంటె ఎందుకు కూసున్నవు? సచ్చిపోతుంటివి గద!”

“నువ్వే గద కూత వెట్టినవు,” అంది అమ్మ. తప్పు పట్టినట్టు కాదు, అడిగినదానికి చెప్పినట్టు. “నువ్వు కూత వెడితె నేను కూసోనా?”

బాపు చేతులు కిందికి జారాయి. నా వైపు చూశాడు. చిన్నపిల్లాడిలా ఒడ్డు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. “నేనే గూసోవెట్టిన,” అన్నాడు. “దాని ముందల నేనే గూసోవెట్టిన.” ఆయన ఏడుపు చూడలేక నేనూ ఏడ్చాను. అమ్మ ఒక్కతే ఏడవలేదు. కొంగు చింపి ఆయన చేతి నెత్తురు తుడుస్తూ కూర్చుంది.

నేను ఫోన్ చేస్తే వెలుగు ఉండగానే అటవీ శాఖ వాళ్లు వచ్చారు. వీడియో చూశారు, తమ ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. బోను రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. వనమంతా తిరిగి, చివరికి బాపు ఎక్కిన చెట్టు దగ్గర వంగి నిలబడ్డారు. చొక్కా తగిలించిన తుమ్మకొమ్మ కింద, మెత్తటి మట్టిలో, గుండ్రటి అడుగుల అచ్చులు. పక్కన పొట్ట ఆనించి పడుకున్న గుర్తు.

“నువ్వు పైన గీస్తున్నప్పుడు ఇది కిందనే వండుకున్నదే పెద్దమనిషీ,” అన్నాడు వాళ్లలో ఒకాయన. “నీ బిడ్డె వీడియో మొదలువెట్టినంక లేచి చేను దిక్కు పోయినట్టున్నది. అప్పుడే దిగి ఉంటె నీ పని ఖతం.”

ఆ మాటకు అమ్మ ముఖం పాలిపోయింది. తన వీపు వెనక చిరుతను చూసినప్పుడు కూడా ఆమె అట్లా కాలేదు.

రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి బాపు ఛాతీకి రాసింది. వారం రోజులు వనం మొఖం చూడొద్దని నేనన్నాను. గీయడం మానితే గెలలు ఎండిపోయి ఈ ఏటికి చెట్లు పోయినట్టేనని బాపు అన్నాడు. అది నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

“నేను వోత గని, నువ్వు మాత్రం రేపటి సంది వనంల అడుగు వెట్టద్దు,” అన్నాడు అమ్మతో.

“దిగేటప్పుడు నీ మొఖం చెట్టుకుంటది,” అంది అమ్మ. “నీ వీపు ఎవలు జూస్తరు?”

నేను లేచి, తెల్లారికి పనికొచ్చే కర్ర ఒకటి వెతికి తలుపు పక్కన పెట్టాను.

తెల్లారి సోమవారం. సిరిసిల్ల బస్సు పోయింది, సాకేత్ రావు సార్ ఫోన్ మోగి మోగి ఆగింది. నేను, అమ్మ, బాపు వనంలో ఉన్నాం. బాపు మోకు వేసుకుని చెట్టు కింద నిలబడి నోరు తెరిచాడు. కూత రాలేదు. మూసుకుని, దెబ్బలు మంటపెడుతుంటే మూలుగుతూ ఎక్కాడు. నేను చేను వైపు కర్ర పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చెట్టుకు వీపు ఆనించి, కొడవలి చేతబట్టి, గుట్ట వైపు ముఖం పెట్టి నిలబడింది. మోకాళ్లు వణుకుతున్నా కూర్చోలేదు. కూర్చోమని నేను అనలేదు. నోరు మూయకుండా ఏవేవో మాట్లాడుతూనే ఉంది. బర్రె పాలు తగ్గాయంది, కనకవ్వ తోడికోడలిని ఊరికే ఆడిపోసుకున్నామంది, మక్కలు కోతకు వచ్చాయంది. ఎవరితో మాట్లాడుతోందో మొదట నాకు అర్థం కాలేదు. మాట్లాడీ మాట్లాడీ ఒకచోట ఊపిరి కోసం ఆగింది.

పైన కత్తి చప్పుడు ఆగిపోయింది.

“రాజవ్వా!” అన్నాడు బాపు. ఆ పిలుపులో వణుకు కింది దాకా వచ్చింది. “ఉన్నవా?”

“ఉన్న,” అంది అమ్మ, గుట్ట మీది నుంచి చూపు తిప్పకుండా. “నిలవడే ఉన్న. నువ్వు గీయి.”